చలికాలం చేతులకి అంబాజీపేట గానుగ నూనె

మాది కడియం దగ్గర చిన్న నర్సరీ. చలి దిగిందంటే మాకు పని ఎక్కువ. బంతి, చామంతి, గులాబీ మొక్కలు లారీలకెక్కే రోజులవి. ఇంకా పొగమంచు విడకముందే కొబ్బరి పొట్టు తడిపి సంచులు నింపడం మొదలెడతాం. పొద్దుటినుంచీ చేతులు నానడం, ఆరడం, మళ్ళీ నానడం. ధనుర్మాసం వచ్చేసరికి నా కుడి బొటనవేలి పక్కన చర్మం చీలి లోపల ఎర్రగా కనబడేది. అన్నంలో ఆవకాయ కలిపితే కారం ఆ చీలికలోకి దిగి కళ్ళమ్మట నీళ్ళొచ్చేవి.

కిందటేడు ఓ కోల్డ్ క్రీము వాడాను. సెంటు వాసన బాగానే ఉండేది కానీ పగుళ్ళ మీద ఒకటే మంట. చేతులు ఒక్కసారి కడిగితే పోయేది.

ఈ ఏడు అమలాపురంలో పెళ్ళికెళ్ళి వస్తూ అంబాజీపేటలో ఆగాం. కొబ్బరి మార్కెట్టు ఉన్న ఊరు, అక్కడ గానుగ నూనె దొరక్కపోవడమేమిటని. అడిగితే ఒకాయన చూపించారు. మోటారుతో తిరిగే చెక్క గానుగ. కురిడీలు ముక్కలు కొట్టి వేస్తున్నారు. నేను ముక్క తీసి విరిచాను. టక్కున విరిగింది, అంటే బాగా ఎండింది. చెమ్మ ఉన్న కొబ్బరి ఆడిస్తే నూనె తొందరగా కనరు వాసన వేస్తుంది. అప్పుడే దిగిన నూనె పొయ్యమంటే ఆయన పొయ్యలేదు. "ఇది మడ్డి దిగలేదమ్మా, రెండ్రోజుల కిందటిది ఇస్తాను, అది పట్టుకెళ్ళండి" అన్నారు. ఆ మాటతోనే నాకు నమ్మకం కుదిరింది. లీటరు 480 రూపాయలు. షాపు నూనె కంటే ఎక్కువే, కానీ సీసా మూత తీస్తే కురిడీ వాసన తప్ప మరోటి లేదు.

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్న చూస్తే నూనె తెల్లగా పేరుకుపోయింది. మా అమ్మాయి కల్తీ అనుకుంది. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది, అది దాని గుణం. అలాగని పేరుకుంటే చాలు అసలు సరుకే అనుకోకండి, కల్తీ కలిపినదీ పేరుకోవచ్చు. సీసాని వేడినీళ్ళ గిన్నెలో కాసేపు పెడితే కరుగుతుంది. పొయ్యి మీద పెట్టక్కర్లేదు.

రాసుకునే పద్ధతిలోనే ఉందండీ అంతా. ఇదివరకు పొడిచేతులకి రాసి, నూనె పనిచెయ్యలేదనుకునేదాన్ని. నూనె చర్మానికి తడి ఇవ్వదు, ఉన్న తడిని పోనివ్వదు. అందుకని చేతులు కడుక్కుని తువ్వాలుతో అద్ది, ఇంకా చెమ్మగా ఉండగానే నాలుగు చుక్కలు వేసి గోళ్ళ చుట్టూ, వేళ్ళ సందుల్లో రుద్దుతున్నాను. స్నానం తర్వాతా అంతే. కాగే నీళ్ళు మానేసి గోరువెచ్చనివి పోసుకుంటున్నాను, మరీ వేడినీళ్ళు ఒంట్లో ఉన్న జిడ్డుని లాగేస్తాయి. ఎనిమిదో రోజుకి బొటనవేలి చీలిక మూసుకుంది. ఆవకాయ కలుపుకుని తృప్తిగా తిన్నాను.

అన్నిటికీ పనికొస్తుందని మాత్రం చెప్పను. నా మడమల పగుళ్ళు లోతు, వాటికి నూనె చాల్లేదు. రాత్రి వాజిలిన్ పట్టించి మేజోళ్ళు తొడుక్కుంటేనే మెత్తబడ్డాయి. మా అమ్మాయి ముఖానికి రాసుకుంటే మొటిమలు ఎక్కువయ్యాయి. మొటిమల ముఖాలకి ఇది వద్దు. దుప్పట్లకి మరకలు కూడా పడతాయి, పాతవి వేసుకోండి.

ఇప్పుడు నర్సరీలో కొళాయి పక్కన ఓ సీసా పెట్టాను. పనికొచ్చే ఆడవాళ్ళు సాయంత్రం చేతులు కడుక్కుని రాసుకునే ఇంటికెళ్తున్నారు. లీటరు వారం రావట్లేదు. భోగినాడు పిల్లలకి నలుగు పెట్టి తలంట్లు పొయ్యడానికీ కావాలి కదా, ఐదు లీటర్ల క్యానుకి చెప్పేశాను.