ఆ తెల్ల డబ్బీ క్రీము కొనకండి, మంట పుడితే ఇంకా రాయమంటున్నారు

రీల్స్‌లో రోజూ కనబడే ఆ "ఏడు రోజుల్లో గ్లో" క్రీమే. చూసినవాళ్లకి అది ఏ క్రీమో తెలుసు. మా చెల్లి తెప్పించుకుంది, డబ్బులు పోయాయి, ఆ సంగతి వదిలేయండి. నా కోపమంతా అమ్మినవాళ్లిచ్చిన జవాబు మీద. క్రీము ఆపగానే ముఖం ఎర్రబడి మండుతోందని మెసేజ్ పెడితే, "టాక్సిన్స్ బయటికొస్తున్నాయి అక్కా, ఆపొద్దు, రోజుకి రెండుసార్లు రాయండి" అన్నారు. ఇందులో ఏం కలిపారని అడిగితే బ్లాక్ చేశారు.

ఆ సలహా ఎంత ప్రమాదమో వినండి. ఇలాంటి లేబుల్ లేని క్రీముల్లో తరచుగా బయటపడేవి క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ లాంటి స్టెరాయిడ్లు, చర్మం రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, ఒక్కోసారి పాదరసం. స్టెరాయిడ్ రాస్తే చర్మంలోని సన్న రక్తనాళాలు ముడుచుకుంటాయి, రంగు తయారవడం తగ్గుతుంది. అందుకే కొద్దిరోజుల్లోనే ముఖం తేటపడుతుంది. ఆపితే ఆ నాళాలు ఉబ్బి ఎరుపు, మంట, చీముపొక్కులు. మళ్లీ రాస్తే మంట తగ్గుతుంది, దాంతో అమ్మినవాడు చెప్పిందే నిజమని నమ్మేస్తాం. అలా నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, బుగ్గల మీద ఎర్రటి నరాలు తేలుతాయి, గడ్డం దగ్గర వెంట్రుకలొస్తాయి, ఎండలోకి వెళ్తే భగభగ మంట. పాదరసమైతే కిడ్నీలనే దెబ్బతీస్తుంది. 2023లో కేరళలోని మలప్పురంలో ఫెయిర్‌నెస్ క్రీములు వాడినవాళ్లలో అలాంటి కిడ్నీ జబ్బు బయటపడింది.

ఇక ఆ వీడియో. "ముందు" ఫొటో తలపైన లైటు వేసి తీస్తారు, కళ్లకింద నీడ పడుతుంది. "తర్వాత" ఫొటోకి ఎదురుగా రింగ్ లైటు, పైగా ఎక్స్‌పోజర్, అంటే ఫొటోలో వెలుతురు, పెంచుతారు. వెనక గోడ చూడండి. ముఖంతోపాటు గోడ కూడా తెల్లబడిందంటే అది క్రీము పని కాదు. చెయ్యి ముఖం ముందునుంచి వెళ్లినప్పుడు వేళ్ల అంచుల్లో చర్మం వణికినట్టుంటే ఫిల్టర్ ఉన్నట్టే. మెడ, చెవులు కూడా చూడండి, ముఖం ఒక్కటే తెల్లగా ఉంటే అనుమానించండి.

నల్లగా ఉన్న అమ్మాయిని తక్కువచేసి చూపించొద్దని ప్రకటనలకి నియమాలు పెట్టే మండలి (ASCI) 2014లోనే నియమం పెట్టింది. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ పేరులోంచి "ఫెయిర్" తీసేశారు. ఈ రీల్స్‌లో మాత్రం ఇప్పటికీ "పెళ్లిచూపులకి ముందు వాడండి" అనే చెప్తున్నారు. చామనఛాయ జబ్బు కాదు. ఇంటర్ చదివే పిల్లలు ఇవి చూసి అద్దం ముందు ఏడుస్తున్నారు.

డబ్బీ మీద తయారీదారు చిరునామా, లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, పదార్థాల జాబితా లేకపోతే ముట్టుకోవద్దు. "కేలోమెల్", "మెర్క్యురిక్" అని ఉంటే పాదరసమే. అలాంటిది ఇప్పటికే వాడుతుంటే వెంటనే ఆపేయండి. మిగతా క్రీములైతే ఎలా ఆపాలో స్కిన్ డాక్టరే చెప్పాలి, ఆలస్యం చేయకుండా డబ్బీ పట్టుకుని వెళ్లండి. కాళ్లు వాచినా, మూత్రం నురగగా వస్తున్నా ఆ రోజే మూత్ర పరీక్ష చేయించండి. మోసపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. స్క్రీన్‌షాట్లు, పార్సిల్ కవరు పారేయొద్దు.