నీళ్లలో నిలవని పీఎంఎస్ఎఫ్: ఆరేళ్ల వాడకం తర్వాత

ప్రొటీన్‌ను ముక్కలు చేసే ఎంజైములను (ప్రొటియేజులను) ఆపే మందు పీఎంఎస్ఎఫ్. ప్రొటీన్ శుద్ధి చేసేవాళ్లకు దీన్ని పరిచయం చేయనక్కర్లేదు కాబట్టి నేరుగా నా బాధ చెబుతాను. ఇది నీళ్లలో నిలవదు. ఆ సంగతి నాకు రెండు వారాల పని పోయాక గానీ తెలియలేదు.

మొదట్లో దీన్ని తెగ మెచ్చుకునేదాన్ని. ట్రిప్సిన్, కైమోట్రిప్సిన్ లాంటి ప్రొటియేజుల క్రియాస్థానంలోని సెరీన్ అనే అమైనో ఆమ్లాన్ని పట్టుకుందంటే ఇక వదలదు. వదలదు కాబట్టి ఒకసారి కలిపితే చాలనుకున్నాను. ఆ ధీమాతోనే ఒకరోజు ఉదయం తొమ్మిదింటికి ట్రిస్ బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం), పీహెచ్ 8.0, అర లీటరు తయారుచేసి, అందులోనే 1 మిల్లీమోలార్ పీఎంఎస్ఎఫ్ కలిపి బల్ల మీద ఉంచాను. సెంట్రిఫ్యూజ్ నా వంతుకు వచ్చేసరికి ఒంటిగంట. కణాలను ఆ బఫర్‌లోనే పగలగొట్టాను. మర్నాడు, ప్రొటీన్లను పరిమాణాన్ని బట్టి పట్టీలుగా విడదీసే జెల్ మీద చూస్తే, 62 కిలోడాల్టన్ల దగ్గర దిట్టంగా ఉండాల్సిన నా ప్రొటీన్ పట్టీ వెలిసిపోయినట్టుంది. దాని కింద నిచ్చెన మెట్లలా సన్నని ముక్కల పట్టీలు. ప్రొటీన్‌ను వేరుచేసే కాలమ్‌ను అనుమానించాను, కణాలను అనుమానించాను, బఫర్ జోలికి మాత్రం పోలేదు. అదే తప్పు మళ్లీ చేశాను.

25 డిగ్రీల వద్ద నీళ్లలో దీని అర్ధాయువు (సగం పాడైపోవడానికి పట్టే సమయం) పీహెచ్ 7.0లో సుమారు 110 నిమిషాలు, 7.5లో 55, 8.0లో 35. నాలుగు గంటలంటే దాదాపు ఏడు అర్ధాయువులు. నేను కణాలను పగలగొట్టే వేళకు అందులో నూటికి ఒక వంతు కూడా మిగలలేదన్నమాట.

ఇప్పుడు తడి తగలని ఐసోప్రొపనాల్‌లో 100 మిల్లీమోలార్ స్టాక్ (గాఢ ద్రావణం) చేసి, కణాలను పగలగొట్టే ముందే కలుపుతాను, పగలగొట్టాక ఇంకో మోతాదు వేస్తాను. బఫర్‌ను కలియతిప్పుతూ చుక్క చుక్కగా వేయాలి. ఒక్కసారిగా పోస్తే తెల్లగా విరిగినట్టు అవుతుంది. ఫ్రీజర్లోంచి తీసిన స్టాక్‌లో గొట్టం అడుగున స్ఫటికాలు పేరుకుని ఉంటాయి. అవి పూర్తిగా కరిగాయో లేదో వెలుతురుకు ఎత్తి చూడనిదే నేను వాడను. పైతేట మాత్రం తీస్తే మందు తగ్గిపోతుంది.

తూచేటప్పుడు మాత్రం దీనికి భయపడాల్సిందే. మన నరాలకు అవసరమైన ఎసిటైల్‌కోలినెస్టరేజ్ కూడా సెరీన్ ఎంజైమే, దాన్నీ ఇది అడ్డుకుంటుంది. కళ్లను, చర్మాన్ని కాలుస్తుంది. అందుకే ఫ్యూమ్ హుడ్ లోపల, నైట్రైల్ గ్లవ్స్, కళ్లద్దాలు వేసుకునే తూస్తాను. నన్ను ఏడిపించిన గుణం ఒక్కచోట పనికొస్తుంది. మిగిలిన బఫర్‌ను పీహెచ్ 8.6 దాటించి కొన్ని గంటలు ఉంచితే, అందులోని మందు దానంతటదే నిర్వీర్యమవుతుంది. ఆ తర్వాతే రసాయన వ్యర్థాల డబ్బాలో పోస్తాను.

ఇంత చెప్పినా మానలేదు. నాది నికెల్ కాలమ్ పని. లోహాలను లాగేసుకుని మరో రకం ప్రొటియేజులను ఆపే ఈడీటీఏ వేస్తే కాలమ్‌లోని నికెల్ ఊడివస్తుంది, పీఎంఎస్ఎఫ్‌తో ఆ బెడద లేదు. లోహం సాయంతో పనిచేసే మెటలో ప్రొటియేజులను ఇది ఆపలేదు గానీ నా ప్రొటీన్‌కు వాటి పోరు అంతగా లేదు, పైగా గంటలోపే కాలమ్ ఎక్కించేస్తాను. రాత్రంతా డయాలసిస్ (పొర సంచిలో ఉంచి బఫర్ మార్చడం) చేసేవాళ్లకు నేనిది చెప్పలేను. వచ్చే నెల నాకూ అలాంటి పని ఒకటి ఉంది. దానికోసం నీళ్లలో కరిగే, ఎక్కువసేపు నిలిచే ఇలాంటి మందే ఏఈబీఎస్ఎఫ్ తెప్పించుకున్నాను.