జాగ్రత్త: ఆషాఢం సేల్‌లో మా అమ్మ చెయ్యి విరిగింది, షాపువాళ్ల లెక్కలో మేం అసలు కొననే లేదు

షాపు పేరు రాయడం లేదు. నోటీసు వెళ్లేదాకా నోరు మూసుకోమన్నాడు లాయరు. అది నా వల్ల కావట్లేదు, అందుకే పేరొక్కటి మింగేసి మిగతాదంతా రాస్తున్నా. హైదరాబాద్‌లో చీరలు కొనేవాళ్లకి పెద్దగా చెప్పక్కర్లేదు. గుమ్మంలో దండం పెట్టే అమ్మాయి, కూర్చోగానే చేతిలో బాదంపాలు, నాలుగంతస్తుల నిండా యాభై శాతం బోర్డులు. అర్థమైపోయి ఉంటుంది.

పోయిన ఆదివారం. పిన్ని కూతురి పెళ్లికి పెట్టుబడి చీరలు కావాలని అమ్మ, నేను, మా ఆయన వెళ్లాం. రెండో అంతస్తులో ఏడు చీరలు తీశాం, 11,480 అయింది, అక్కడే ఫోన్‌పే చేశాను. సరుకేమో కింద డెలివరీ కౌంటర్లో ఇస్తారు. లిఫ్టు దగ్గర పెళ్లివారంత జనం. "మెట్లు దిగుదాం పదవే" అంది అమ్మ.

మెట్ల మలుపులో పైన ఏసీ పైపు కారుతోంది. నల్ల గ్రానైటు, అద్దంలా మెరిసిపోతోంది. బకెట్టు పెట్టడానికి ఎవరికి బద్ధకమేసిందో గానీ, చీరల డబ్బా ఒకటి విప్పి, ఆ అట్టని తడి మెట్టు మీద పరిచారు. అమ్మ అది కాళ్లు తుడుచుకునే పట్టా అనుకుంది. ఎవరైనా అదే అనుకుంటారు. కాలు పెట్టింది, అట్టతో సహా జారింది. కుడిచెయ్యి కిందపడి నలిగింది. గాజులు చిట్లాయి, మణికట్టు దగ్గర ఎముక పక్కకి వెళ్లినట్టు పైకే కనపడుతోంది.

నేను అమ్మ తల పట్టుకుని కూర్చున్నా. మా కళ్ల ముందే ఒక కుర్రాడు వచ్చి ఆ అట్ట తీసి, చంకలో పెట్టుకుని పైకి వెళ్లిపోయాడు. ఇంకొకడు 'నేల తడిగా ఉంది' అన్న పసుపు బోర్డు తెచ్చి నిలబెట్టాడు. అమ్మ ఇంకా లేవలేదు, బోర్డు మాత్రం వచ్చేసింది. అప్పుడే నాకు బుర్ర వెలగాలి. ఫోన్ చేతిలోనే ఉంది, ఒక్క ఫోటో తీసి ఉంటే సరిపోయేది. తీయలేదు.

అంతలో ఫ్లోర్ మేనేజర్ పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, కంగారు పడకండి, అమ్మగారు మా అమ్మలాంటివారు" అన్నాడు. షాపు కారు తెప్పించి, తనే ముందు సీట్లో కూర్చున్నాడు. మా ఆయన వెనకాల బండి మీద వస్తున్నారు. నిజం చెప్పాలంటే ఆ పావుగంట అతని మీద నాకు ఎంత గౌరవం కలిగిందో! దారిలో వెనక్కి తిరిగి మెల్లిగా అన్నాడు: "అక్కా, షాపులో పడ్డారంటే ఎమ్మెల్సీ అంటారు, అదే మెడికో లీగల్ కేసు, పోలీసులు రావాలంటారు, అప్పటిదాకా అమ్మగారిని ముట్టుకోరు. ఇంట్లో బాత్రూంలో జారారని చెప్పేయండి. ఖర్చు సంగతి మాకు వదిలేయండి."

క్యాజువాలిటీలో డాక్టరమ్మ అడిగింది, ఎలా పడ్డారు అని. ఇంట్లో, బాత్రూంలో అన్నాను. నా నోటితో నేనే. అమ్మ నొప్పితో కళ్లు మూసుకుని ఉంది, లేకపోతే అక్కడే తిట్టేది.

తర్వాత కారిడార్లో అతను మళ్లీ వచ్చాడు. "ఈ పరిస్థితిలో చీరలేం పట్టుకెళ్తారక్కా, డబ్బు వెనక్కిచ్చేస్తాం, బిల్లు ఇవ్వండి" అన్నాడు. అప్పటికప్పుడు క్యాష్ లెక్కపెట్టి కవర్లో పెట్టి ఇచ్చాడు. 11,500. "చిల్లర లేదు, ఇరవై ఉంచుకోండక్కా." బిల్లు తీసుకున్నాడు, రిటర్న్ వోచర్ అని ఒక కాగితం మీద నా సంతకం కూడా తీసుకున్నాడు. నేను బ్యాంకులో లోన్ల సెక్షన్‌లో పని చేస్తాను. రోజుకి ఇరవై మందికి "చదివి సంతకం పెట్టండి సార్" అని నీతులు చెప్పేదాన్ని. అది చదవలేదు.

ఆపరేషన్ చేసి ప్లేటు, స్క్రూలు వేశారు. బిల్లు 1,38,000. నాన్న పోయాక అమ్మ పాలసీ రెన్యువల్ చేయించలేదు, ఆ పాపం కూడా నాదే.

డిశ్చార్జ్ అయిన మర్నాడు, గురువారం, బిల్లులన్నీ పట్టుకుని షాపుకి వెళ్లాను. నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. ఈసారి బాదంపాలు రాలేదు. లోపలికి పిలిచాక అదే మనిషి, అదే చొక్కా. అక్క మాత్రం మేడమ్ అయింది.

"మీ కేస్ షీట్ మీద ఏం రాసుందో చూసుకున్నారా మేడమ్?"

నాకు అర్థం కాలేదు. "ఇంట్లో పడ్డారని ఉంటుంది" అన్నాడు. చూసినవాడిలా కాదు, రాయించినవాడిలా. "మీరే కదా అలా చెప్పమన్నది" అన్నాను. "నేనా?" అన్నాడు. ఆ 'నేనా' అన్నప్పుడు మొహంలో ఒక్క నరం కదల్లేదండీ. సొరుగులోంచి వోచర్ తీసి నా వైపు తిప్పాడు. కింద చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది: సరుకు ఇష్టపూర్వకంగా వాపసు చేశాం, పూర్తి సొమ్ము ముట్టింది, ఇక ఏ క్లెయిమూ లేదు. దాని కింద నా సంతకం, ముత్యాల్లాంటి అక్షరాలతో.

"పైగా మీరు కొన్నదేం లేదు కదా మేడమ్. కొననివాళ్లు కస్టమర్లెలా అవుతారు?"

అంటే మా అమ్మ ఆ షాపులో కొననూ లేదు, పడనూ లేదు. చెయ్యి మాత్రం విరిగింది.

కెమెరా ఫుటేజీ చూపించమన్నాను. మెట్ల దగ్గర కెమెరా పనిచేయట్లేదన్నాడు. అతని వెనకాల గోడ మీద పదహారు గళ్ల టీవీ. మూడో వరసలో మెట్ల మలుపు, పసుపు బోర్డు, దిగుతున్న జనం, అన్నీ శుభ్రంగా కదుల్తున్నాయి. నేను అటు చూస్తుంటే రిమోట్ తీసి స్క్రీన్ ఆపేశాడు. వచ్చేటప్పుడు వెయ్యి రూపాయల కూపన్ చేతిలో పెట్టబోయాడు, "ఎవర్నీ ఖాళీ చేతుల్తో పంపం మేడమ్" అంటూ. బల్ల మీదే పడేసి వచ్చాను. ఆ ఇరవై రూపాయలే పరిహారం అనుకోవాలి కాబోలు.

రాత్రి తమ్ముడి స్నేహితుడు, లాయరు, ఇంటికొచ్చాడు. ముందు నన్ను చెడామడా తిట్టాడు. పోలీసులొచ్చేదాకా డాక్టర్లు ముట్టుకోరన్నది పచ్చి అబద్ధమట. ముందు ప్రాణం చూడాలి, కాగితాలు తర్వాత అని 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గోడ మీద 'ప్రమాదాలకు యాజమాన్యం బాధ్యత వహించదు' అని బోర్డు ఉందన్నాను. నవ్వాడు. ఢిల్లీ తాజ్ మహల్ హోటల్ పార్కింగులో కారు పోతే, రసీదు మీద 'ఓనర్ రిస్క్' అని ఉన్నా హోటల్ తప్పించుకోలేదని 2019లో తీర్పు వచ్చిందట. బోర్డు రాసి తగిలించినంత మాత్రాన నిర్లక్ష్యం మాఫీ అయిపోదన్నాడు. ఎముక విరిగితే చట్టం లెక్కలో అది తీవ్ర గాయమే, భారతీయ న్యాయ సంహిత 125 కింద ఫిర్యాదు చేయొచ్చు. కానీ డబ్బు రావాలంటే దారి వినియోగదారుల కమిషనే అన్నాడు.

అక్కడే పేచీ. కమిషన్‌కి వెళ్లాలంటే ముందు నువ్వు కస్టమర్‌వి కావాలి. అందుకే ఆ మహానుభావుడు బిల్లు వెనక్కి తీసుకున్నది! రిఫండ్ దయ కాదు, ఇది అతనికి కొత్త పని కూడా కాదని నా అనుమానం.

కానీ పాపం ఒకటి మర్చిపోయాడు. డబ్బు క్యాష్‌లో ఇచ్చాడు, నేను కట్టింది ఫోన్‌పేలో. సాయంత్రం 6:52కి 11,480 వాళ్ల ఖాతాకి వెళ్లినట్టు నా ఫోన్లో భద్రంగా ఉంది. అంతకన్నా మంచిది అమ్మ ఫోన్లో దొరికింది. బిల్లింగ్ దగ్గర ఇచ్చింది అమ్మ నంబరు. సోమవారం పొద్దున, అమ్మ ఆపరేషన్ థియేటర్లో ఉండగా, షాపు నుంచి మెసేజ్: "ప్రియమైన కస్టమర్, మా వద్ద కొనుగోలు చేసినందుకు ధన్యవాదాలు. మీ షాపింగ్ అనుభవానికి ఎన్ని స్టార్లు ఇస్తారు?" లాయరు దాన్ని చూసి మూడుసార్లు చదివించుకున్నాడు.

ఫుటేజీ చెరపొద్దని నోటీసు రేపు వెళ్తోంది. పెద్ద షాపులు 30 రోజుల ఫుటేజీ దాచాలని 2013 ప్రజా భద్రతా చట్టంలోనే ఉందట. ఆస్పత్రికి కూడా అసలు జరిగింది రాసిచ్చాం, ఆలస్యంగానైనా. గెలుస్తామా అంటే లాయరు గ్యారంటీ ఇవ్వలేదు. కేస్ షీట్ మీది ఆ ఒక్క ముక్క గురించి ప్రతి వాయిదాకీ అడుగుతారన్నాడు.

మీకు చెప్పాల్సింది కొంచెమే. ఎవరైనా పడితే లేపే ముందే ఆ చోటు ఫోటో తీయండి, అట్ట మాయమయ్యే లోపు. ఆస్పత్రిలో ఉన్నదున్నట్టు చెప్పండి. బిల్లు ఎవరికీ వెనక్కివ్వకండి, అక్కా అని పిలిచేవాడికి అసలివ్వకండి. ఫిర్యాదుకి రెండేళ్ల గడువుంటుంది. మీరున్న జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి అనే ప్రభుత్వ పోర్టల్‌లో కూడా. మీరు కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు.

ఇక ఉంటా. అమ్మకి ఎడంచేత్తో తినడం రావట్లేదు, స్పూను ఇస్తే విసిరికొట్టింది. అన్నం కలిపి ముద్దలు పెట్టాలి.