గరాజ్ డోర్ ఓపెనర్: మోటారు బాగుంది, బిగించిన తీరే బాగాలేదు

గరాజ్ తలుపును ఎత్తి దించే పాత చెయిన్ మోటారు పీకించి బెల్టుది పెట్టించాం. చప్పుడు దాదాపు లేదు, పైగదిలో పాప నిద్ర చెడట్లేదు. అయితే అదే నాకు గుబులు కూడా. పాత మోటారు గరగరమంటే కుక్క తనే పక్కకు తప్పుకునేది, ఇప్పుడు తలుపు కిందే నింపాదిగా పడుకుంటోంది.

తలుపుకు అడ్డొచ్చినవాటిని కిరణంతో కనిపెట్టే సెన్సర్లు బాగానే పనిచేస్తున్నాయి. చీపురు అడ్డం పెడితే, దిగుతున్న తలుపు ఠక్కున ఆగి పైకి వెళ్లిపోయింది. అమెరికాలో 1993 నుంచి ఇళ్లకు తయారయ్యే ఓపెనర్లకు ఇలాంటి రక్షణ తప్పనిసరి. కానీ ఆ కన్ను చూసేది నేలకు 6 అంగుళాల లోపు ఒక్క గీతనే. మా కుక్క లేచి నిలబడితే పొట్ట ఆ గీతకు పైనే ఉంటుంది, కాళ్ల మధ్య నుంచి కిరణం దర్జాగా దాటిపోతుంది.

అప్పుడు కాపాడాల్సింది రెండో ఏర్పాటు: దేనికైనా తగిలితే తలుపు వెనక్కి మళ్లడం. బిగించినాయన అది చూడకుండానే సామాను సర్దేశాడు. అడిగితే, "సెన్సర్ ఉంది కదా మేడమ్" అన్నాడు. అంగుళంన్నర మందం చెక్క తెచ్చి తలుపు కింద పడుకోబెట్టించాను. తగిలిన 2 సెకన్లలో తలుపు పైకి లేవాలి. లేవలేదు! చెక్కను నొక్కిపట్టి అక్కడే ఆగిపోయింది, నేల వచ్చేసిందనుకుంది కాబోలు. తలుపు కిందికి దిగే దూరం తక్కువగా పెట్టాడట. సరిచేశాక మళ్లీ పెట్టిస్తే, తగలగానే లేచింది. ఈ పరీక్ష నెలకోసారి చేయాలి.

గోడ బటన్ కూడా నా నడుమెత్తులో పెట్టాడు. కనీసం 5 అడుగుల ఎత్తున, తలుపు కనబడే చోట ఉండాలని పట్టుబట్టి మార్పించాను. ఎందుకంటే ఆ బటన్ నొక్కి పట్టుకుంటే సెన్సర్‌కు ఏదైనా అడ్డున్నా తలుపు దిగిపోతుంది. ఫోన్‌తో మూస్తే ముందు లైటు మెరిసి బీప్ మోగుతుంది, మంచిదే. అయినా కంటికి కనబడని తలుపును నేనైతే మూయను.

తలుపు పలకల అతుకుల్లో వేళ్లు నలగకుండా ఏ మోటారూ ఆపలేదు. వేళ్లు దూరని అతుకులున్న తలుపులు దొరుకుతున్నాయి, తలుపే మార్చేవాళ్లు అవి అడగండి.

మోటారుకు నాలుగు స్టార్లు. బిగింపుకు రెండు, అదీ అడిగాక సణగకుండా సరిచేశాడు కాబట్టి.