ఆరేళ్లు వాడిన ఎయిర్ షాకులు: బండి వెనక లేచింది, బరువు మాత్రం ఎక్కడికీ పోలేదు

మేముండేది డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. వారమంతా ఆఫీసు, శని ఆదివారాలు దోసెల ట్రైలర్. గుళ్లు, క్రికెట్ గ్రౌండ్లు, ఉగాదికీ సంక్రాంతికీ మనవాళ్ల సభలు, ఎక్కడ పిలిస్తే అక్కడికి పదహారడుగుల ట్రైలర్ లాక్కుని పోతుంటాం. లాగేది హాఫ్ టన్ అని పిలిచే తరగతి పికప్ ఒకటి. దానికి 2018లో వెనక వైపు గాలి కొట్టుకునే షాకులు (ఊపుని ఆపే షాక్ అబ్జార్బర్లు) వేశాను. నాలుగేళ్లకు ఆ జత పోయింది, తర్వాత అలాంటిదే ఇంకో జత. ట్రైలర్ తగిలించుకుని ఇరవై వేల మైళ్లకు పైనే తిరిగాను. బండి పేరు, షాకుల కంపెనీ పేరు రాయడం లేదు. నేను పడ్డ తిప్పల్లో సగం నేను కొని తెచ్చుకున్నవే, ఇంకొకళ్ల మీద వేయడం న్యాయం కాదు.

మా ట్రైలర్ సంగతి ముందు చెప్పాలి. జనరేటర్, రెండు ప్రొపేన్ సిలిండర్లు ట్రైలర్ ముక్కు మీదే ఉంటాయి. వాటి వెనకే, గోడకవతల, 40 గ్యాలన్ల మంచినీళ్ల ట్యాంకు. నీళ్లు గ్యాలన్‌కి 8.3 పౌండ్లు, అంటే ట్యాంకు నింపితే అదొక్కటే 330 పౌండ్లు. మొత్తం ట్రైలర్ 5,400 పౌండ్లు తూగితే, అందులో 700 పికప్ వెనక ట్రైలర్‌ని తగిలించే హిచ్ మీద పడుతుంది. తగిలించగానే పికప్ వెనక భాగం కుక్క కూర్చున్నట్టు కూర్చునేది. వెనక చక్రం పైన ఆర్చి అంచుకి టేపు పెడితే ఖాళీ బండికి 38 అంగుళాలు, తగిలించాక 35. హెడ్‌లైట్లు చెట్ల కొమ్మల్లోకి చూసేవి. ఎదురొచ్చేవాళ్లు హై బీమ్ అనుకుని లైట్లు కొట్టి తిట్టుకుంటూ పోయేవాళ్లు. పెట్రోల్ బంకులోకి తిరిగిన ప్రతిసారీ హిచ్ నేలకు గీసుకుని కర్రుమనేది. "ఏమండీ, సాంబారు గిన్నె మూత ఎగిరింది" అని మా ఆవిడ నెలకోసారైనా అనేది.

ఈ షాకు పెద్ద బ్రహ్మవిద్య ఏం కాదు. మామూలు షాక్ అబ్జార్బర్‌కే చుట్టూ ఒక రబ్బరు తొడుగు ఉంటుంది. అందులో గాలి నింపితే షాకు సాగి బండి వెనక భాగాన్ని పైకి నెడుతుంది. గాలి కొట్టే వాల్వు టైరుకున్నలాంటిదే, నంబర్ ప్లేటు పక్కన బిగించుకోవచ్చు. నా వాటికి కనీసం 20 పీఎస్ఐ గాలి ఒత్తిడి ఎప్పుడూ ఉండాలి, గరిష్ఠం 150. ఆ కనీసం అనేది మర్యాదకి రాసింది కాదు. గాలి లేకుండా తిప్పితే లోపల రబ్బరు మడతపడి ఒరుసుకుని చిరుగుతుంది. గాలి పట్టే చోటు చాలా చిన్నది కాబట్టి సైకిల్ పంపుతో కూడా నింపొచ్చు. కానీ అదే కారణంగా గేజ్ పెట్టి తీసిన ప్రతిసారీ నాలుగైదు పీఎస్ఐ పోతుంది. మొదటి నెల నాకిది తెలియక, పొద్దున్నొకసారి, మధ్యాహ్నమొకసారి గేజ్ పెట్టి చూసి, లీకవుతోందని టెన్షన్ పడి, మొత్తం విప్పి మళ్లీ బిగించాను.

అసలు లీకు తర్వాత వచ్చింది. ఇంట్లోనే, డ్రైవ్‌వేలో, నేనూ మా బావమరిదీ ఒక శనివారం బిగించుకున్నాం. షాకులు మార్చడం గంట పని. సన్నటి ప్లాస్టిక్ ట్యూబు లాగడంలోనే ఉంది అసలు పనితనం. ఎడమ షాకు నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి, మధ్యలో రెంటినీ కలిపే T ఆకారపు టీ ముక్క, అక్కడి నుంచి వాల్వుకి. ట్యూబుని కటింగ్ ప్లేయర్‌తో కోశాం. అలా కోస్తే చివర గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డులా నొక్కుకుపోతుంది, ఎంత బిగించినా గాలి జారుతూనే ఉంటుంది. కొత్త బ్లేడుతో తిన్నగా ఒక్క కోత కోయాలి. జాయింటు మీద అంట్ల సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. ఈ రెండూ మాకు ఆ సాయంత్రానికి తెలిశాయి. మూడోది తెలియడానికి మూడు వారాలు పట్టింది. ఆస్టిన్ పోతూ ఐ-35 మీద హిల్స్‌బరో దాటామో లేదో, వెనక మెత్తగా కిందకి దిగింది. పంక్చరనుకుని పక్కన ఆపి కింద పడుకుని చూస్తే, ఎగ్జాస్ట్ పైపుకి బెత్తెడు దూరంలో ట్యూబు కరిగి, సాగిన బబుల్‌గమ్‌లా వేలాడుతోంది. "బావా, ఇటు నుంచి వద్దు అన్నానా లేదా" అన్నాడు మా వాడు. అన్నాడు నిజంగానే. ఇప్పుడు జానెడుకు పైనే దూరం పెట్టి, ఫ్రేముకి ఎక్కడికక్కడ టై వేసి కట్టాను. ఆ తర్వాత ట్యూబు ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు.

సరిగ్గా బిగించాక మాత్రం మొదటి ఏడాదంతా సంబరమే. 80 పీఎస్ఐ కొడితే వెనక 35 నుంచి 37 అంగుళాలకు లేచేది. లైట్లు రోడ్డు మీద పడ్డాయి, హిచ్ గీసుకోవడం పోయింది, సాంబారు గిన్నెలో ఉంది. ట్రైలర్ విప్పేశాక గాలి 25కి దించితే ఖాళీ బండి దాదాపు మామూలుగానే నడుస్తుంది, చిన్న గతుకులు మాత్రం కాస్త గట్టిగా తెలుస్తాయి. దించడం మరిచిపోతే చెక్క బల్ల మీద కూర్చుని పోతున్నట్టు ఉంటుంది.

ఆ సంబరంలో నేనొక తప్పు లెక్క వేసుకున్నాను. బండి సమానంగా నిలబడింది కాబట్టి బరువు కూడా సర్దుకుందనుకున్నాను. కానీ హైవే ఎక్కితే స్టీరింగ్ ఇంకా తేలిగ్గానే ఉండేది, వానలో మరీ. 2019లో ఒకరోజు అనుమానం తీరక, ట్రక్ స్టాపులో క్యాట్ స్కేల్ ఎక్కించాను. పద్దెనిమిది చక్రాల లారీలు తూచే కాటా అది. ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ ఇరుసులు మూడింటినీ విడివిడిగా తూచి చీటీ ఇస్తారు. అదే రోజు మళ్లీ తూచితే తక్కువే తీసుకుంటారు.

మొదట ఒట్టి పికప్‌ని తూచాను: ముందు 3,060, వెనక 2,540. తర్వాత ట్రైలర్ తగిలించి, షాకుల్లో గాలి 20 మాత్రమే ఉంచి: ముందు 2,820, వెనక 3,480, ట్రైలర్ 4,700. అప్పుడు 80 కొట్టి, బండి లేచి నిలబడ్డాక మూడోసారి. చీటీ చేతిలోకి తీసుకుని చూస్తే 2,820, 3,480, 4,700. ఒక్క అంకె మారలేదు. పొరపాటున పాత చీటీయే ఇచ్చారేమో అని టైము కూడా చూసుకున్నా.

తర్వాత ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. హిచ్ బంతి వెనక ఇరుసుకి నాలుగడుగులు వెనక ఉంది, ముందు ఇరుసు పన్నెండడుగులు ముందు. అక్కడ 700 పౌండ్లు మోపితే వెనక ఇరుసు మీద 700 కాదు, 930 పైన పడుతుంది, ఆ అదనం ముందు చక్రాల మీది నుంచి పోతుంది. తెనాలి దగ్గర మా ఊళ్లో తాతయ్య వరి మోపులు బండికెత్తేటప్పుడు ఇదే చూసేవాడు. వెనక మొగ్గైతే కాడి లేచి ఎద్దుల మెడ పట్టేస్తుంది, మోపులు నాలుగు ముందుకి జరిపించేవాడు. కాడి కింద ఇటుకలు పేర్చి, బండి సమంగా ఉంది పదండి అనడు కదా. నేను ఏడాది పాటు చేసింది సరిగ్గా ఆ ఇటుకల పనే.

ముందుకి బరువు జరిపేది వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్. రెండు ఉక్కు బార్లు ట్రైలర్ ముక్కుకీ పికప్‌కీ మధ్య వంగి, స్ప్రింగులా తన్నిపట్టి, బరువులో కొంత ముందు ఇరుసుకీ కొంత ట్రైలర్ ఇరుసులకీ తోస్తాయి. అది పెట్టాక అదే కాటా మీద 2,960, 3,240, 4,800 వచ్చింది. స్టీరింగ్‌కి ప్రాణం వచ్చింది. అప్పటి నుంచి నా వరస ఇది: షాకుల్లో 20 ఉంచి తగిలించడం, బార్లు బిగించి ముందు ఎత్తు దాదాపు పాత కొలతకి తేవడం, మిగిలిన వెనక కుంగుడుకి మాత్రమే గాలి. 80 కొట్టే చోట 45 సరిపోతోంది. తిరగేసి ముందే గాలి నిండుగా కొట్టి తర్వాత బార్లు పెడితే బార్ల మీద బిగువు తగ్గుతుంది, పెట్టీ పెట్టనట్టే.

డ్రైవర్ తలుపు దగ్గరుండే పసుపు స్టిక్కర్ మీద, ఈ బండి మోయగలిగేది మొత్తం 1,520 పౌండ్లని ఉంది. టంగ్ మీద, అంటే ట్రైలర్ ముక్కు హిచ్ మీద మోపేది 700, మేమిద్దరం 330, వెనక బియ్యం బస్తాలూ కూలర్లూ 250, హిచ్ సామాను 90. కలిపితే 1,370. షాకుల్లో ఎంత గాలి కొట్టినా ఆ 1,520 పెరగదు. షాకుల డబ్బా మీద వెయ్యి పౌండ్ల పైచిలుకు అంకె వేసి ఉంటుంది, అది షాకు ఎత్తగల లెక్క. టైర్లకీ ఇరుసుకీ బ్రేకులకీ దాంతో సంబంధం లేదు. ఈ అంకె చూసి మోసపోయినవాళ్లు నాకు ఇద్దరు ముగ్గురు తెలుసు.

ఒక భయంకరమైన సాయంత్రం గురించి కూడా రాయాలి. 2020కి ముందు మాట. పొద్దున నిండుగా ఉన్న మంచినీళ్లు రాత్రికి వాడేసిన నీళ్లై ట్రైలర్ వెనక ట్యాంకులోకి చేరతాయి. ఆ రోజు ఆలస్యమైందని వాటిని వదలకుండానే బయల్దేరాం. ముక్కు దగ్గరి 330 పౌండ్లు తోక దగ్గరికి పోయాయి. తర్వాత లెక్క వేసుకుంటే టంగ్ మీద 450కి మించి ఉండదు. ట్రైలర్ బరువులో పది నుంచి పదిహేను శాతం ముక్కు మీద ఉండాలంటారు, మాది ఎనిమిది చిల్లర. ఖాళీ షాకులైతే పికప్ వెనక పైకి లేచి, ఏదో తేడా ఉందని కనిపించేది. నేను పొద్దుటి గాలి అలాగే ఉంచాను, ఎత్తుని చూసే అలవాటు కూడా షాకులే పోగొట్టాయి. పక్క నుంచి పెద్ద లారీ దాటగానే ట్రైలర్ తోక ఊపడం మొదలెట్టింది. అద్దంలో ఓసారి ఎడమవైపు గోడ, ఓసారి కుడివైపు గోడ. మా ఆవిడ మాట్లాడలేదు, డాష్‌బోర్డు పట్టుకుంది. యాక్సిలరేటర్ వదిలి, బ్రేక్ కంట్రోలర్ మీటతో ట్రైలర్ బ్రేకులు మాత్రమే మెల్లగా నొక్కితే నాలుగైదు ఊపుల తర్వాత సర్దుకుంది. పికప్ బ్రేకు తొక్కి ఉంటే ఇది రాసేవాణ్ని కాదేమో. ఇప్పుడు వాడిన నీళ్లు వదలందే తాళం తిప్పను.

ఇక మిగతా ఏళ్లు. టీ ముక్క తీసేసి ఎడమకీ కుడికీ వేర్వేరు వాల్వులు పెట్టుకున్నాను. ఒకే లైనైతే మలుపులో బరువు పడ్డ వైపు గాలి రెండో వైపుకి పోతుంది, బండి ఇంకా వాలుతుంది. విడివిడిగా ఉంటే ఆ వాలు తగ్గింది, పైగా మా పొయ్యి కుడివైపు ఉండటంతో కుడి 48, ఎడమ 42 పెట్టుకునే వీలు దొరికింది. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ అంతా గడ్డకట్టినప్పుడు బండి వారం పైగా కదల్లేదు. తర్వాత చూస్తే రెండు వైపులా గాలి బాగా తగ్గింది. చలికి కొంత తగ్గడం సహజమే, మిగిలింది వాల్వు పిన్నుల పుణ్యం. అవి మార్చాను, పావలా ఖర్చు.

2022 చివర ఎడమ షాకు రాత్రికి రాత్రి 30 పీఎస్ఐ వదలడం మొదలెట్టింది. తీసి చూస్తే రబ్బరు మడత పడేచోట, ఎండకి ఆరిన కాలవలో మట్టిలా, సన్నటి నెర్రెలు. డ్యాంపింగ్, అంటే ఊపుని ఆపే గుణం కూడా అప్పటికే నీరసించింది. నాలుగేళ్లు, జత 160 డాలర్లు. ఆ ధరకి నాకైతే ఫిర్యాదు లేదు.

కానీ రెండో జత వేసిన ఏడాదిన్నరకి, ఆయిల్ మార్పించడానికి పోతే, మెకానిక్ కిందకి పిలిచి టార్చి వేసి చూపించాడు. కుడివైపు షాకుని ఫ్రేముకి పట్టించే బ్రాకెట్ దగ్గర, వెంట్రుకంత పగులు. గోటితో గీస్తే తగులుతుంది. షాకు బోల్టులు ఊపుని ఆపడానికి పెట్టినవి, బరువు మోయడానికి కాదు. నేను వాటి మీద ఏళ్ల తరబడి వారాంతాలన్నీ బరువు పెట్టాను. వెల్డింగ్ చేయించాం, గాలి 35కి దించాను. బరువు మోసే గాలి తిత్తులు, ఎయిర్‌బ్యాగులంటారు (ప్రమాదంలో తెరుచుకునేవి కావు), అవైతే ఫ్రేముకీ ఇరుసుకీ నడుమ, స్ప్రింగు పక్కనే కూర్చుంటాయి, బరువు తిన్నగా ఇరుసు మీదికి పోతుంది. ఖరీదు రెండు మూడు రెట్లు. నా ట్రైలర్‌కి మొదటి రోజునే అవి వేసుకోవాల్సింది. వచ్చే నెల వేయిస్తున్నాను.

ఇవి తీసేస్తానని తెలిసి, లూయిస్‌విల్ లేక్‌కి చిన్న పడవ లాక్కెళ్లే మిత్రుడొకడు తనకిమ్మంటున్నాడు. పడవ హిచ్ మీద మోపేది 250 పౌండ్లు, నెలకి రెండుసార్లు, ఇరవై మైళ్లు. వాడికి ఈ రకం షాకులు చక్కగా సరిపోతాయి. వాడిన రబ్బరు వద్దు, కొత్త జత కొనుక్కోమన్నాను. బిగించే రోజు మాత్రం నేనే వస్తానని చెప్పా, ఎగ్జాస్ట్ వైపు ట్యూబు పోనివ్వకుండా చూసుకోవాలి.