ఓర్టోనా వెళ్తే సాంగ్రో శ్మశానవాటిక దాకా వెళ్లి రండి

ఇటలీ వెళ్లిన మనవాళ్లు ఆడ్రియాటిక్ తీరంలోని ఓర్టోనా వైపు దాదాపు రారు. రోమ్ నుంచి బస్సులో పెస్కారా, అక్కడి నుంచి రైల్లో అరగంట కూడా పట్టదు. స్టేషనేమో కింద సముద్రం దగ్గర, ఊరేమో పైన. సామాను తక్కువ పెట్టుకోండి.

పెస్కారాలో హోటళ్లు ఎక్కువే కానీ ఓర్టోనా పాత ఊళ్లోనే దిగడం మేలు. నాకు దొరికిన గది శుభ్రంగా ఉంది, లిఫ్ట్ లేదు. పెద్దవాళ్లతో వెళ్తే ముందే అడగండి. సందుల్లో నిదానంగా నడిస్తేనే రెండో ప్రపంచ యుద్ధంలో, 1943 డిసెంబరులో ఇక్కడేం జరిగిందో అర్థమవుతుంది. బయటికొస్తే జర్మన్ పారాట్రూపర్ల తూటాలు, మందుపాతరలు. అందుకే కెనడా సైనికులు ఇళ్ల మధ్య గోడలు పేల్చుకుంటూ ఒక ఇంట్లోంచి పక్కింట్లోకి వెళ్లారు. క్రిస్మస్ రోజున వాళ్లలోని సీఫోర్త్ హైలాండర్స్ దళం వంతులవారీగా సాంతా మరియా చర్చికి వచ్చి, వేడి భోజనం తిని, మళ్లీ పోరుకు వెళ్లింది. ఆ భోజనమే ఆఖరిదైనవాళ్లూ ఉన్నారు. 28కి ఊరు కెనడావాళ్ల చేజిక్కింది. ఊరివాళ్లే 1,300 మందికి పైగా పోయారు.

యుద్ధ మ్యూజియం చిన్నదే, వేళలు కనుక్కుని వెళ్లండి. యేసు శిష్యుడు సెయింట్ థామస్ అస్థికలున్న కేథడ్రల్ తప్పక చూడాలి. చెన్నై శాంథోమ్ పేరు ఆయనదే. ఈ కేథడ్రల్‌ను జర్మన్లు సగం కూల్చేశాక మళ్లీ కట్టారు.

ఊరి బయట మోరో నది శ్మశానవాటికలో 1,600 పైచిలుకు సమాధులు, అత్యధికం కెనడావాళ్లవి. రాళ్ల మీద మేపుల్ ఆకు, పేరు, వయసు, కొన్నిటి మీద ఇంటివాళ్లు రాయించిన ఒక మాట. ఇరవై, ఇరవై రెండేళ్ల పిల్లలు. చదువుతూ పోతుంటే గొంతు పట్టేసింది.

చాలామంది ఇక్కడితో వెనక్కి తిరుగుతారు. నా మాట విని సాంగ్రో నది శ్మశానవాటికకీ వెళ్లండి. కెనడావాళ్ల పక్కనే పోరాడింది మన 8వ ఇండియన్ డివిజన్. మోరో మీద ఇవతలి ఒడ్డున చోటు లేకపోతే, భారత ఇంజనీర్లు శత్రువు వైపు ఒడ్డు నుంచి వెనక్కి వంతెన కట్టుకొచ్చారు. దహనం చేసిన 500 మందికి పైగా భారత సైనికుల పేర్లు సాంగ్రోలో చెక్కి ఉన్నాయి. బస్సుల్ని నమ్ముకోవద్దు, రెండు చోట్లకీ కలిపి రానూపోనూ టాక్సీ మాట్లాడుకోండి. ఖర్చు ఎక్కువే అయినా, ఈ ప్రయాణంలో పెట్టాల్సిన డబ్బంటూ ఉంటే అది ఇదే.