కొత్త ఇంజిన్: మెల్లగా నడపాలా, గట్టిగా నడపాలా?

కొత్త సిలిండర్లు వేసిన చిన్న విమాన ఇంజిన్‌ని మొదట్లో మెల్లగా నడిపితే మనసుకి హాయి, టెన్షన్ ఉండదు. కానీ తక్కువ పవర్‌లో పిస్టన్ రింగులను సిలిండర్ గోడకు అదిమే గ్యాస్ ఒత్తిడి చాలదు. రింగులు గోడకు సరిపడేలా కుదురుకోకముందే ఆయిల్ కాలి, గోడమీద గాజులాంటి నున్నటి పొర కడుతుంది. అది పట్టిందా, సిలిండర్ ఊడదీసి మళ్లీ హోనింగ్ (గోడను సన్నగా గరుకు చేయడం) చేయించాల్సిందే.

75 శాతం పవర్‌లో ఎగిరితే ఆ ఒత్తిడే రింగులను కూర్చోబెడుతుంది. వేడి మాత్రం పెరుగుతుంది. అందుకే ఇంధనం-గాలి మిశ్రమం రిచ్‌గా (ఇంధనం పాలు ఎక్కువగా) ఉంచి, నేలమీద రన్-అప్‌లు (ఎగిరే ముందు ఇంజిన్‌ని నడిపి చూడటం) తగ్గించి, సిలిండర్ హెడ్ ఉష్ణోగ్రతమీద కన్నేసి ఉంచాలి. నా ఓటు దీనికే. ఆయిల్ వాడకం నిలకడగా మారి, హెడ్ ఉష్ణోగ్రత దిగితే రింగులు కుదురుకున్నట్టే. మిశ్రమాన్ని లీన్ చేసే (ఇంధనం పాలు తగ్గించే) సరదాలన్నీ ఆ తర్వాతే.